తాగే కుర్రాడితో ఓ గంట

తాగుడు మాన్పించడం నవలల్లో చాలా తేలిక. నేనూ నవలలు రాసేదాన్నే కనక ఆ కిటుకు నాకు బాగా తెలుసు. ఆఖరి ప్రకరణానికి కాస్త ముందు నాయిక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. లేదా చంటిపిల్లకి జ్వరం వస్తుంది. అతగాడు సీసా గోడకేసి కొట్టి, "ఇక ఈ జన్మలో ముట్టను" అంటాడు. పాఠకురాలు తృప్తిగా పుస్తకం మూసి, మర్నాటి అట్లకి పప్పు నానబోస్తుంది. విషాదాంతం కావాలనుకునేవాళ్ళకి దేవదాసు ఉండనే ఉన్నాడు. శరత్‌బాబు నవల 1917లో వచ్చింది, మన తెలుగు సినిమా 1953లో వచ్చింది. ఆ రెండూ కలిసి, గుండె పగిలినవాడు గ్లాసు పట్టుకోవడం సహజమేనని మనల్ని నమ్మించేశాయి.

నవలల్ని పక్కన పెట్టి, నిజంగా లోకంలో తాగుడు తగ్గించడానికి ఎవరేం చేశారో చదువుతూ పోతే ఓ చిత్రమైన సంగతి తెలిసింది. కాలేజీ కుర్రకారు విషయంలో కన్నీళ్ళకీ, ఉపన్యాసాలకీ, కఠిన శిక్షలకీ లొంగని ఈ అలవాటు, ఓ గంటసేపు మర్యాదగా మాట్లాడితే కాస్త లొంగిందిట! దీనికి ఇంగ్లీషులో బ్రీఫ్ ఇంటర్వెన్షన్ అని పేరు పెట్టారు. క్లుప్తంగా కలగజేసుకోవడం అని మనం చెప్పుకోవచ్చు. అంత చిన్న పని కనిపెట్టడానికి నూరేళ్ళకి పైగా పట్టింది. ఆ కథ మొదలైంది ఆడవాళ్ళతోనే.

1873 డిసెంబరు నెల. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో హిల్స్‌బరో అనే చిన్న ఊరు. డయో లూయిస్ అనే ఆయన వచ్చి, తాగుడుకి వ్యతిరేకంగా ఉపన్యాసమిచ్చి వెళ్ళాడు. ఉపన్యాసం విని ఇంటికెళ్ళి పడుకోవడం లోకసహజం. ఆ ఊరి ఆడవాళ్ళు మాత్రం పడుకోలేదు. ఎలైజా థాంప్సన్ అనే పెద్దావిడ ముందు నడవగా, బారులు తీరి సారా దుకాణాలకి వెళ్ళారు. లోపలికి రానిస్తే లోపల, రానివ్వకపోతే బయట చలిలో, మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనలు చేశారు. చూస్తూండగానే ఆ గాలి ఊరూరా వీచింది. మరుసటేడు 1874లో స్త్రీల మద్యవ్యతిరేక సంఘం ఏర్పడింది.

ఇది చదువుతుంటే మనకి దూబగుంట జ్ఞాపకం రాకుండా ఉంటుందా? 1992లో నెల్లూరు జిల్లాలో, రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు కొంగు బిగించి సారా మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మోగిపోయింది. హిల్స్‌బరోకీ దూబగుంటకీ మధ్య 119 ఏళ్ళూ, ఒక మహాసముద్రమూ ఉన్నాయి. ఆ ఊళ్ళో ఏం జరిగిందో ఈ ఊరి వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. అయినా కడుపుమంట ఒకటే కదా, నడిచిన దారీ ఒకటే అయింది.

అమెరికా ఆడవాళ్ళు అక్కడితో ఆగలేదు. వాళ్ళలో మేరీ హంట్ అని ఓ మాజీ ఉపాధ్యాయిని ఉండేది. పెద్దవాళ్ళని మార్చడం కష్టం, పిల్లల్నే పట్టుకోవాలి అనుకుంది. ఆవిడ పట్టుదల వల్ల 1901 నాటికి ఆ దేశంలో ప్రతి రాష్ట్రంలోనూ బళ్ళో మద్యం గురించి పాఠం చెప్పి తీరాలని చట్టాలొచ్చాయి. పాఠాలంటే మాటలా! మద్యం విషం, ఒకసారి రుచి చూస్తే ఇక అంతే సంగతులు అని భయపెట్టే పాఠాలు. ఆ పాఠాలు చదివిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. 1920లో దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. 1933లో పోయింది. మన దగ్గర 1993లో సారా నిషేధమూ, 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997కల్లా ఆ రెండోది సడలిపోయింది. నిషేధాలు పెట్టినవాళ్ళ ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. కాని దొంగదారులూ, ఖజానా గోడూ కలిసి చట్టాన్ని ఎక్కువ కాలం నిలవనివ్వలేదు.

సరే, చట్టం వయసుకైనా పెడదామని 1984లో అమెరికా ప్రభుత్వం మరో ఎత్తు వేసింది. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి మద్యం అమ్మనిచ్చే రాష్ట్రాలకి రోడ్ల డబ్బులో కోత పెడతామంది. డబ్బంటే ఎవరికి చేదు? 1988కల్లా అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. దానివల్ల కుర్రాళ్ళ కారు ప్రమాదాలు తగ్గిన మాట నిజం. కాని కాలేజీ హాస్టళ్ళలో గ్లాసులు ఖాళీ అవుతూనే ఉన్నాయి. హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ వెక్స్‌లర్ 1993లో 140 కాలేజీల్లో 17 వేల మందికి పైగా విద్యార్థుల్ని అడిగి లెక్కతీశాడు. అంతకు ముందు రెండు వారాల్లో, ఒకే విడతలో మగపిల్లలైతే ఐదు, ఆడపిల్లలైతే నాలుగు గ్లాసులు, లేదా ఇంకా ఎక్కువ తాగినవాళ్ళు నూటికి 44 మంది తేలారు. ఇక దాని ఫలితాలంటారా? క్లాసులు ఎగ్గొట్టడం, కొట్లాటలు, మేడమీంచి పడటాలు, ఆడపిల్లల మీద అఘాయిత్యాలు. 1998 ఒక్క సంవత్సరంలోనే కారు ప్రమాదాలతో సహా తాగుడు తెచ్చిన దుర్ఘటనల్లో 1,400 మందికి పైగా కాలేజీ విద్యార్థులు పోయారని అంచనా కట్టారు. అంతమంది తల్లులకి టెలిఫోను మోగి ఉంటుంది కదా అనుకుంటే గుండె జారిపోతుంది.

ఇక్కడ కథ కాస్త వెనక్కి, లండన్‌కి వెళ్ళాలి. అక్కడ గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ అనే పేరున్న డాక్టరూ, జిమ్ ఆర్ఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడూ కలిసి ఓ పరీక్ష చేశారు. తాగుడుకి బానిసలైన 100 మంది పెళ్ళయిన మగాళ్ళని తీసుకున్నారు. సగం మందికి ఆస్పత్రీ, మందులూ, నెలల తరబడి సలహాలూ, అప్పట్లో తెలిసిన వైద్యమంతా చేయించారు. మిగతా సగం మందిని భార్యాసమేతంగా కూర్చోబెట్టి, ఒకే ఒక్కసారి మాట్లాడారు. "నీ పరిస్థితి ఇదీ. మానాలి. మానడం నీ చేతుల్లోనే ఉంది" అని చెప్పి పంపించారు. తరవాత నెలకోసారి భార్యని పలకరించి సంగతులు తెలుసుకోవడం, అంతే. ఏడాది తిరిగాక చూస్తే రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు! 1977లో ఈ ఫలితం అచ్చయ్యేసరికి వైద్యులు గతుక్కుమన్నారు. నెలనెలా భార్యని పలకరించడమే అసలు మందేమోనని నాకో చిలిపి అనుమానం ఉంది గాని, అది శాస్త్రజ్ఞులకి వదిలేద్దాం.

అదే రోజుల్లో అమెరికాలో అలన్ మార్లాట్ అనే కుర్ర ప్రొఫెసరు మరో చమత్కారం చేశాడు. వోడ్కాకి రంగుండదు, వాసనా అంతంతమాత్రం. టానిక్ అనే చేదునీళ్ళలో కలిపేస్తే పోల్చుకోవడం కష్టం. 1973లో అచ్చయిన ఆ పరీక్షలో కొందరికి వోడ్కా ఇచ్చి ఉత్త టానిక్ అని చెప్పాడు. మరికొందరికి ఉత్త టానిక్ ఇచ్చి వోడ్కా అని చెప్పాడు. ఎక్కువ తాగిందెవరనుకున్నారు? గ్లాసులో ఏముందన్నదానితో నిమిత్తం లేకుండా, వోడ్కా అని నమ్మినవాళ్ళు! తరవాత సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆయన ప్రయోగశాలనే అచ్చం బారులా అలంకరించాడు. మసక దీపాలూ, ఎత్తు స్టూళ్ళూ అన్నీ. చుక్క మద్యం లేని పానీయం తాగి కుర్రాళ్ళు హుషారెక్కిపోయేవారట. నిజం చెప్పాక నోళ్ళు తెరిచేవారట. నిషాలో కొంత భాగం సీసాలో ఉంటే, మరికొంత భాగం మన నమ్మకంలో ఉందన్నమాట. దేవదాసు సినిమా చూసి పెరిగిన మనకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

మూడో ముక్క నార్వే నుంచి వచ్చింది. 1982లో విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బెర్గెన్ ఊరి దగ్గర ఓ వైద్యశాలకి వెళ్ళాడు. అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన్ని ఊరికే ఉపన్యాసం చెప్పి పోనివ్వలేదు. తాగుబోతులా తాము నటిస్తూ, ఆయన్ని వైద్యుడిగా మాట్లాడమని, మాటమాటకీ ఆపి, "ఇప్పుడీ ప్రశ్నే ఎందుకడిగారు? ఈ మాటే ఎందుకన్నారు?" అని నిలదీశారట. జవాబు చెప్పుకుంటూ పోతే ఆయనకే తన పద్ధతి బోధపడింది. మానాల్సిన కారణాలు వైద్యుడు చెబితే ఎదుటివాడు మానకపోవడానికి కారణాలు వెతుకుతాడు. అదే వాడినే మాట్లాడనిస్తే, మానాల్సిన కారణాలు వాడి నోటినుంచే వస్తాయి. 1983లో ఈ సంగతి వ్యాసంగా రాశాడు. 1993లో ఆయనే చేసిన మరో పరిశోధనలో, వైద్యుడు ఎంత గట్టిగా ఎదిరించి నిలదీస్తే, ఏడాది తరవాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతున్నట్టు తేలింది. ఇంట్లో పెంకిపిల్లాడితో వాదించిన ఏ తల్లికైనా ఇది కొత్త విషయమా చెప్పండి!

నాలుగోది నాకు బాగా నచ్చిన ముక్క. 1986లో వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కొవిట్జ్ అనే ఇద్దరు న్యూయార్క్ రాష్ట్రంలో ఓ చిన్న కాలేజీ విద్యార్థుల్ని పరిశీలించారు. తాగుడు గురించి ఎవరికి వారు, "నేను ఫరవాలేదు, తక్కినవాళ్ళే మితిమీరిపోతున్నారు" అనుకుంటున్నారు. అందరూ అలాగే అనుకుంటే ఆ మితిమీరిన 'తక్కినవాళ్ళు' ఎక్కడున్నట్టు? ఎవరి కళ్ళకీ కనపడని ఆ గుంపుతో సమానం కావాలని పాపం పిల్లలు గ్లాసు మీద గ్లాసు ఎత్తుతున్నారు. పేరంటంలో అందరూ పట్టుచీర కట్టుకొస్తారేమోనని అప్పుచేసి మనం కొనుక్కోవడం లేదూ, అలాగన్నమాట.

ఈ నాలుగు ముక్కల్నీ ఒకచోట చేర్చి కుట్టింది సియాటిల్‌లోని మార్లాట్ బృందం. మొదట వాళ్ళూ కాలేజీ పద్ధతిలో ఆరు వారాల క్లాసులే పెట్టారు. దానికి పోటీగా ఇంట్లో చదువుకునే ఆరు పాఠాల పుస్తకం ఒకటి, ఒకే ఒక్క గంట ముఖాముఖీ మాటలు ఒకటి పెట్టి చూశారు. 1992లో ఫలితం వచ్చింది. మూడింట్లోనూ తాగుడు ఇంచుమించు సమానంగానే తగ్గింది. ఆరు వారాలు చేసే పని ఒక గంట చేస్తుంటే ఆరు వారాలెందుకూ? 1990లో ఆ యూనివర్సిటీలో చేరిన కొత్త పిల్లల్లో బాగా తాగే 348 మందిని ఎంచి, సగం మందికి ఆ గంటా ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. వయసు పెరిగే కొద్దీ తాగుడు వల్ల వచ్చే చిక్కులు అందరికీ కొంత తగ్గాయి. కాని ఆ గంట దక్కినవాళ్ళకి మరింత తగ్గాయి. నాలుగేళ్ళ తరవాత కూడా ఆ తేడా కనిపించింది. 1999లో లిండా డిమెఫ్, జాన్ బేయర్, డేనియల్ కివ్లహాన్, మార్లాట్ నలుగురూ కలిసి ఈ పద్ధతిని పుస్తకంగా రాశారు. 'బేసిక్స్' అని దానికి ముద్దుపేరు.

ఇంతకీ ఆ గంటలో ఏం జరుగుతుందీ? మొదట ఓసారి కూర్చోబెట్టి అలవాట్లు అడిగి తెలుసుకుంటారు. రెండు వారాల పాటు ఏ రోజు ఎన్ని గ్లాసులు, ఎవరితో, ఎందుకు తాగాడో చీటీ మీద రాసుకోమంటారు, మనం పాలలెక్క రాసుకున్నట్టు. రెండోసారి వచ్చేసరికి ఆ లెక్కలన్నీ బొమ్మగా గీసిన కాగితం బల్లమీద ఉంటుంది. నువ్వు తాగేది ఇంత, నీ ఈడు పిల్లలు తాగుతున్నారని నువ్వనుకున్నది ఇంత, నిజంగా తాగేది ఇంత. మూడు గీతలు పక్కపక్కన చూసుకునేసరికి చాలామంది అవాక్కవుతారు. మాటలు ఇలా సాగుతాయనుకోండి:

"ఈ కాగితం చూస్తే నీకేమనిపిస్తోంది?"

"నేను అందరిలాగే అనుకున్నానండీ. మరీ ఇంతా?"

"తాగడంలో నీకు నచ్చేదేమిటి?"

"నలుగురిలో ధైర్యంగా మాట్లాడగలుగుతాను."

"నచ్చనిది?"

"సోమవారం క్లాసులు పోతున్నాయి. పోయిన నెల స్నేహితుడితో ఏమన్నానో నాకే గుర్తులేదు."

గమనించారా, ఎక్కడా "సిగ్గులేదూ?" అన్న మాట లేదు. సోమవారం క్లాసుల సంగతి వాడే చెప్పుకున్నాడు. తరవాత వాడి బరువుని బట్టి, ఎన్ని గ్లాసులకి ఒంట్లో మద్యం ఎంత చేరుతుందో చూపించే చిన్న అట్ట చేతికిస్తారు. ఆడపిల్లలకి వేరే అట్ట. ఒంట్లో నీటిపాలు తక్కువ కనక, అదే బరువున్న మగవాడికంటే ఆడపిల్లకి అదే గ్లాసు ఎక్కువ ఎక్కుతుంది. ఒక హద్దు దాటాక హుషారు పెరగకపోగా మత్తూ, వాంతులూ, పిచ్చిమాటలే మిగులుతాయని లెక్కతో చెబుతారు. ఖాళీ కడుపుతో తాగొద్దనీ, మధ్యమధ్య మంచినీళ్ళు తాగమనీ, హద్దు ముందే పెట్టుకోమనీ మార్గాలు చూపిస్తారు. ఏది పాటించాలో తేల్చుకునేది మాత్రం వాడే.

ఇక్కడ మీకు ఒళ్ళు మండి ఉంటుంది. "పూర్తిగా మానెయ్ అనకుండా తక్కువ తాగమని నేర్పడమేమిటి, చోద్యం!" అని. నాకూ అనిపించింది. అమెరికాలోనూ చాలామంది మార్లాట్ మీద ఇదే ధ్వజం ఎత్తారు. 21 నిండని పిల్లలకి తాగడం చట్టవిరుద్ధమైతే, ఎలా తాగాలో యూనివర్సిటీ నేర్పుతుందా అన్నారు. ఆయన వాదం ఏమిటంటే, అసలు తాగకపోవడమే అన్నిటికంటే క్షేమం, కాదన్నదెవరు? కాని తాగుతున్న కుర్రాణ్ణి "మానితేనే నాతో మాట్లాడు" అని గెంటేస్తే, వాడికి మిగిలేది తాగే స్నేహితులే. పది గ్లాసులవాడు నాలుగుకి దిగితే అది మెట్టు దిగడమే కదా. ముందు బతికుంటే రేపు పూర్తిగా మానొచ్చు. ఈ వాదానికి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు. మోకాళ్ళ మీద ప్రార్థించిన ఎలైజా థాంప్సన్ కోరిందీ ఇంటికి మనిషి క్షేమంగా రావాలనే కదా!

2002లో అమెరికా ప్రభుత్వ మద్య పరిశోధనా సంస్థ వేసిన కమిటీ అన్ని పద్ధతుల్నీ తూచి చూసింది. ఉత్త పాఠాలు, ఉపన్యాసాలు చెప్పడం వల్ల ప్రయోజనం లేదని తేల్చి, ఇలాంటి ముఖాముఖీ మాటల్ని మొదటి వరసలో కూర్చోబెట్టింది. మార్లాట్ 2011లో కన్నుమూశాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇది మంత్రమేం కాదు. చాలా పరిశోధనల్ని కలిపి చూస్తే ప్రభావం చిన్నది. ఏడాది గడిచేసరికి చాలామందిలో పలచబడిపోతుంది. కంప్యూటర్లో చదివిస్తే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడినంత నిలవదు. పొద్దున్న లేస్తూనే చేతులు వణికేంతగా బానిసైనవాడికి గంట మాటలు చాలవు. అలాంటివాడు ఉన్నపళంగా మానేస్తే ఫిట్సు కూడా రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. వాణ్ణి డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాలి.

ఈ పద్ధతి మనదేశపు గడప తొక్కలేదా అంటే తొక్కింది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకొచ్చే మగాళ్ళలో, ప్రమాదకరంగా తాగే 377 మంది మీద చేసిన పరీక్ష 2017లో అచ్చయింది. అక్కడ మాట్లాడినవాళ్ళు డాక్టర్లు కారు. తర్ఫీదిచ్చిన మామూలు మనుషులు. నాలుగు విడతలకి మించకుండా మాట్లాడారు. మూడు నెలల తరవాత, ఆ మాటలు దక్కినవాళ్ళలో నూటికి 36 మంది ప్రమాదపు గీత కిందికి దిగారు. దక్కనివాళ్ళలో 26 మంది. పది మంది తేడా చిన్నదా? ఆ పది ఇళ్ళలోని ఆడవాళ్ళని అడగాలి.

అన్నట్టు తల్లుల సంగతి మరిచేపోయాను. రాబ్ టురిసి అనే పరిశోధకుడు, పిల్లలు కాలేజీకి బయల్దేరే ముందు వేసవి సెలవుల్లో తల్లిదండ్రుల చేతికి ఓ చిన్న పుస్తకం ఇచ్చాడు. తాగుడు గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో అందులో ఉంటుంది. 2001లో ఆ ఫలితాలు బాగున్నాయని తేలింది. తరవాత 1,200 మందికి పైగా కొత్త విద్యార్థుల మీద, ఇంట్లో మాటలూ, సియాటిల్ గంటా కలిపి పరీక్షించారు. 2009లో తేలిందేమిటంటే, రెంటిలో ఏ ఒక్కటీ కాదు, రెండూ అందిన పిల్లలే అందరికంటే తక్కువ తాగారట.

మన పిల్లలూ ఇప్పుడు పెట్టె సర్దుకుని హైదరాబాదు హాస్టలుకో, బెంగుళూరుకో, ఏకంగా సియాటిల్‌కో వెళ్తున్నారు. పెట్టెలో ఆవకాయ సీసా పెడతాం, సున్నుండలు పెడతాం. దేవుడి పటం సరేసరి. వీటన్నిటి మధ్యా, వెళ్ళేముందు ఓ సాయంత్రం డాబా మీద కూర్చుని, "నాన్నా, అక్కడ మీ స్నేహితులు తాగుదాం అంటే నువ్వేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి, వాడు చెప్పేదాకా మాట్లాడకుండా ఉండగలిగితే మంచిది. ఆ ఊరుకోవడమే మనకి అన్నిటికంటే కష్టమైన పని, ఒప్పుకుంటాను. ఆడపిల్లైతే, "అమ్మలూ, నీ సంగతేమిటే?" అని ఆవిడనీ అడగాలి. జవాబు మనకి నచ్చకపోవచ్చు. కాని రేపెప్పుడో అర్ధరాత్రి ఏదైనా చిక్కులో పడితే, "అమ్మ తిడుతుంది" అని ఫోను దాచుకోకుండా మనకే చేస్తారు.